ముసురుకి ముందు, ముసురు తర్వాత: గుణదల డాబా తోటల లెక్క

బంగాళాఖాతంలో అల్పపీడనం అనగానే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది డాబా మీద ఆరేసిన బట్టలు, ఆ తర్వాత వడియాలు. కుండీల్లో పుదీనా, టమాటా, మిర్చి సంగతి వాన వెలిసాక గుర్తొస్తుంది. అప్పటికి సగం పని చెడిపోయి ఉంటుంది. వాన పడేటప్పుడు తోటకి చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. వానకి ముందు రోజు ఒక గంట, వాన వెలిశాక రెండు రోజులు, ఈ రెండే మన చేతిలో ఉన్నవి.

గుణదలలో ఇది ఇంకాస్త ముఖ్యం. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏలూరు కాలవ, ఉత్తరాన బుడమేరు. కొండ పక్క ఇళ్లకి పెరడు అంటూ పెద్దగా ఉండదు కాబట్టి తోట డాబా ఎక్కుతుంది. పల్లపు వీధుల్లో ఇంటి ముందు నాలుగు అడుగుల మడి ఉంటే, నాలుగు చినుకులకే అది మడుగైపోతుంది. అందుకే డాబా తోటకి ఒక లెక్క, నేల మడికి ఇంకో లెక్క.

ముందు వాన లెక్క చూద్దాం. వాతావరణ శాఖ భాషలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. టీవీలో ఈ మూడూ ఒకేలా వినిపిస్తాయి గానీ డాబా మీద ఒకటి కావు. వంద గజాల డాబా అంటే 900 చదరపు అడుగులు, సుమారు 83.6 చదరపు మీటర్లు. దాని మీద 1 సెంటీమీటరు వాన పడితే 836 లీటర్ల నీళ్లు. 20 సెంటీమీటర్లు పడితే 16,700 లీటర్లు పైనే. అంటే వెయ్యి లీటర్ల సింటెక్స్ ట్యాంకులు పదహారు నింపేంత. ఈ నీళ్లన్నీ పిట్టగోడ మూలన ఉన్న ఒకటో రెండో తూముల్లోంచి కిందికి పోవాలి. ఆ తూములకి అడ్డం పడేవి మన తోటలోంచి వచ్చినవే: ఎండాకులు, కొబ్బరి పొట్టు, కుండీల్లోంచి కారిన మట్టి, నారు తెచ్చిన ప్లాస్టిక్ కవర్లు.

తూము మూసుకుని డాబా మీద 10 సెంటీమీటర్ల నీళ్లు నిలిచాయనుకోండి. చదరపు మీటరుకి 100 కిలోల బరువు పడినట్టు. మనుషులు ఎక్కి తిరిగే డాబాకి మన దేశపు నిర్మాణ ప్రమాణాల్లో లెక్కేసే అదనపు బరువు చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. ఇప్పుడు కుండీల సంగతి. అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న గ్రో బ్యాగులో సుమారు 22 లీటర్ల మట్టి పడుతుంది. మామూలు మట్టి నింపితే, వానకి తడిసి ముద్దైనప్పుడు ఆ ఒక్క బ్యాగే 30 కిలోలు దాటుతుంది. చదరపు మీటరులో తొమ్మిది బ్యాగులు ఒకదాని పక్కన ఒకటి సర్దేస్తే 270 కిలోల పైమాటే. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది, శ్లాబుకి మాత్రం కాదు. పైగా పాత ఇళ్లలో శ్లాబు ఎంత మందం వేశారో, ఎంత ఇనుము వేశారో అది వేసిన మేస్త్రీకే తెలియాలి.

దీనికి చేయాల్సింది పెద్ద ఖర్చు పని కాదు. బరువు కుండీలు శ్లాబు మధ్యలో కాకుండా కింద గోడలు, దూలాలు ఉన్న చోట, అంచుల వెంబడి పెట్టుకోవాలి. సగం మట్టి తగ్గించి కొబ్బరి పొట్టు, వర్మీకంపోస్టు కలుపుకుంటే బరువు బాగా దిగుతుంది. కుండీల కింద ఇటుక ముక్కలు పెట్టి రెండంగుళాలు లేపితే నీళ్లు కిందనుంచి పారతాయి, శ్లాబుకి చెమ్మ దిగదు. తూముకి ఇనుప జాలీ పెట్టాలి, దాన్ని వానాకాలంలో వారానికోసారైనా చూడాలి. పైకప్పు కారుతున్న ఇంట్లో, పెచ్చులూడే శ్లాబు మీద తోట పెంచడం మాత్రం మంచిది కాదు. ముందు శ్లాబు బాగుచేయించుకోవాలి, ఆ తర్వాతే కుండీలు.

ఇక మొక్క సంగతి. ఎక్కువ మంది పొరపడేది ఇక్కడే. రెండు రోజులు ముసురు పట్టి వెలిశాక ఎండ కాస్తుంది. టమాటా, మిర్చి తలలు వేలాడేస్తాయి. ఎండకి వాడిపోయిందనుకుని ఇంట్లోవాళ్లు చెంబుడు నీళ్లు పోస్తారు. ఆ మొక్క దాహంతో వాడిపోలేదు, ఊపిరాడక వాడిపోయింది. వేర్లకి కూడా గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలిని నీళ్లు బయటకి నెట్టేస్తే వేరు పనిచేయదు, చుట్టూ నీళ్లున్నా పైకి లాగలేదు. ఒకటి రెండు రోజులు అలాగే ఉంటే వేరు కుళ్లడం మొదలవుతుంది. అలాంటి మొక్కకి ఇంకో చెంబు పోస్తే బతికేది కూడా చచ్చిపోద్ది.

అందుకని వాన వెలిసిన రోజు నీళ్ల డబ్బా పక్కన పెట్టేసి వేలు వాడాలి. రెండంగుళాల లోతుకి వేలు గుచ్చి చూస్తే, మట్టి వేలికి అంటుకుంటుంటే నీళ్లు అక్కర్లేదు. కుండీని ఓ పక్కకి వంచి ఇటుక మీద ఆనించి ఉంచితే మిగిలిన నీళ్లు కారిపోతాయి. కారకపోతే అడుగు రంధ్రాలు మూసుకుపోయాయన్నమాట. స్క్రూడ్రైవర్‌తో కింద నుంచి, పక్కల నుంచి పొడవాలి. రంధ్రం లేని పెయింటు డబ్బాల్లో మొక్కలు పెంచేవాళ్లకి ఎండాకాలం అంతా బానే గడిచినట్టు కనిపిస్తుంది, మొదటి ముసురులోనే తేడా బయటపడుతుంది.

నేల మీద మడి అయితే పక్కన జానెడు లోతు కాలవ తీసి నీళ్లు బయటకి పంపాలి. వచ్చే ఏడాదికైనా మడిని చదునుగా కాకుండా 15-20 సెంటీమీటర్ల ఎత్తు బోదెలుగా చేసుకోవాలి. నల్లమట్టి ఉన్న చోట ఒక జాగ్రత్త: తడి మీద తవ్వకండి, తొక్కకండి. తడి నల్లమట్టిని కదిలిస్తే ఆరాక గడ్డలు కట్టి ఇటుక రాయిలా బిగుసుకుపోతుంది. పైన తడి ఆరి, చేతిలో పొడిపొడిగా విరిగేదాకా ఆగాలి.

అన్ని మొక్కలూ ఒకేలా తట్టుకోవు. బొప్పాయి నీళ్లలో నిలవలేదు, రెండు రోజులు నిలిస్తే దాదాపు ఆశ వదులుకోవాల్సిందే. మిర్చి, టమాటా, మునగ కూడా సున్నితమైనవే. వంగ కాస్త మొండిది, ఆకులు పసుపెక్కినా మళ్లీ చిగురిస్తుంది. బచ్చలి, పుదీనా, చామ తడిని బాగానే ఓర్చుకుంటాయి. కాబట్టి పల్లంలో ఉన్న మడిలో చామ, బచ్చలి పెట్టి, మిర్చిని కుండీలోకి ఎక్కించడం తెలివైన పని.

వాన తర్వాత ఆకులు పసుపెక్కితే గాబరాగా గుప్పెడు యూరియా వేయొద్దు. వానకి మట్టిలోని నత్రజని కొట్టుకుపోయిన మాట నిజమే, కానీ దెబ్బతిన్న వేరు ఎరువుని తీసుకోలేదు. పైతడి ఆరాక, రెండు మూడు రోజులకి, లీటరు నీటికి 5 గ్రాముల 19-19-19 కలిపి ఆకుల మీద చల్లితే సరిపోద్ది. మిర్చి, టమాటా, వంగలో మొదలు మెత్తబడి నల్లగా అవుతుంటే లీటరుకి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదట్లో పోయమని వ్యవసాయ శాఖ వాళ్లు చెప్తుంటారు. ఇది మందు కాబట్టి ఆకుకూరల కుండీల్లో వాడొద్దు, వంటింటి గ్లాసుతో కొలవొద్దు, పిల్లలకి అందేచోట పెట్టొద్దు. ఆనవాలు తెలియని తెగులుకి షాపువాడు ఇచ్చిందల్లా చల్లేకన్నా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి ఫోన్ చేసి తెలుగులోనే అడగొచ్చు, ఉచితం.

ఇప్పటిదాకా చెప్పింది వాన నీళ్ల గురించి. వరద నీళ్ల సంగతి వేరు. ఈ రెండిటికీ తేడా తెలియకపోతే నష్టం మొక్కకి కాదు, ఇంట్లో పిల్లలకి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన బెజవాడలో ఎవరూ మర్చిపోలేదు. మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. బుడమేరు డైవర్షన్ కాలవకి గండ్లు పడి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ, పాయకాపురం రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. గండ్లు పూడ్చడానికి సైన్యం కూడా వచ్చింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నమోదైంది, 2009 అక్టోబరు వరదని మించింది. ఇళ్లలోకి వచ్చిన ఆ నీళ్లలో వాన నీరొక్కటే లేదు. డ్రైనేజీ, మరుగుదొడ్ల ట్యాంకులు, చచ్చిన జంతువులు, బండ్ల ఆయిలు, దుకాణాల్లోని రసాయనాలు అన్నీ కలిసిపోయాయి.

అలాంటి నీళ్లు తగిలిన కూర తినొచ్చా? చాలామంది అడిగేది ఇదే. ఆకుకూర, కొత్తిమీర, పుదీనా అయితే వద్దు. ఎన్నిసార్లు కడిగినా ఆకు మడతల్లో ఉన్నది పోదు. ఉప్పు నీళ్లలో నానబెట్టడం, పసుపు వేయడం మనసుకి ఊరట తప్ప నమ్మదగ్గ పద్ధతులు కావు. ఉడికిస్తే క్రిములు చస్తాయి, నిజమే. కానీ ఆయిలూ రసాయనాలూ ఉడకబెడితే పోవు. వరద నీళ్లలో మునిగిన టమాటా, దోస, వంకాయ కూడా పారేయడమే మంచిది. పచ్చిగా తినే వాటి విషయంలో అయితే రెండో ఆలోచన ఉండకూడదు. రైతాకి కోసే కీర, కబాబ్ పక్కన పెట్టే ముల్లంగి ముక్క, చట్నీకి రుబ్బే పుదీనా, ఇవన్నీ పొయ్యి ఎక్కనివే.

చెట్టు బతికి, వరద పోయాక కొత్తగా పూత వచ్చి కాసిన కాయల సంగతి వేరు. వాటిని కడిగి, ఉడికించి తినొచ్చు. మునిగిన మడిలో మళ్లీ పచ్చిగా తినే పంట వేయాలంటే ఎంత కాలం ఆగాలి? అమెరికాలో పచ్చి పశువుల ఎరువు వేసిన నేలకి ఒక లెక్క ఉంది: నేలకి తగలని కాయలకైతే 90 రోజులు, నేలకి తగిలే ఆకులు, దుంపలకైతే 120 రోజులు. వరద మునిగిన పెరళ్లకి కూడా అక్కడి తోట సలహాదారులు ఇదే లెక్క చెప్తుంటారు. మన దగ్గర కూడా దీన్ని పట్టుకోవడంలో తప్పు లేదు. ఇంట్లో గర్భిణులు, చంటిపిల్లలు, షుగరు ఉన్న పెద్దవాళ్లు ఉంటే ఇంకా గట్టిగా పాటించాలి. ఆ మట్టి పాకా, నాపాకా అన్నది వేరే ప్రశ్న, అది ఆలిమ్ సాబ్‌ని అడగాలి. ఆయన పాక్ అన్నా ఆరోగ్యం లెక్క ఆరోగ్యానికే ఉంటుంది.

వరద తగ్గాక పెరట్లోకి చెప్పుల్లేకుండా దిగొద్దు. కాలికి చిన్న గాయం ఉన్నా ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా లెప్టోస్పైరోసిస్ జ్వరం రావొచ్చు. కుండీల కింద, ఇటుకల సందుల్లో పాములు, తేళ్లు చేరతాయి. కర్రతో తట్టి చూడకుండా చెయ్యి పెట్టకూడదు, ఈ పని పిల్లలకి అసలు చెప్పకూడదు. డాబా తోటకి ఈ విషయంలో ఒక మేలు ఉంది. కింద మడి మునిగినా, రెండో అంతస్తు కుండీకి ఆ నీళ్లు అందవు. వాన నీళ్లు మాత్రమే తగిలిన కూర కడుక్కుని నిశ్చింతగా తినొచ్చు.

తుఫాను గాలి సంగతి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర తీరం దాటాయి. బెజవాడ సముద్రానికి దూరమే అయినా ఈదురు గాలి మనకి వస్తుంది. హెచ్చరిక రాగానే మొదట చేయాల్సింది పిట్టగోడ మీది కుండీలు కిందికి దించడం. అవి మొక్కల కోసం కాదు, కింద వీధిలో నడిచేవాళ్ల తలల కోసం. రెండోది ఎండ కోసం కట్టిన గ్రీన్ నెట్ విప్పేయడం. గాలికి అది పడవ తెరచాపలా ఉబ్బి, కట్టిన ఇనప గొట్టాలతో సహా లేస్తుంది. పక్కనే కరెంటు తీగలుంటే ఇక చెప్పక్కర్లేదు. ఆనప, బీర, కాకర పందిళ్లు నాలుగు మూలలా గట్టిగా కట్టి, కోతకొచ్చిన కాయలన్నీ కోసేయాలి. లేతవైనా సరే, నేలపాలయ్యే కన్నా కూరలోకి పోవడం మేలు. ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఇష్టపడిన కూరగా ఆనపకాయని హదీసుల్లో చెప్తారు కాబట్టి మన ఇళ్లలో కద్దూ పందిరి మీద ప్రత్యేక మమకారం ఉంటుంది. దానికైనా ఒక గంట కేటాయించొచ్చు. టమాటా, మిర్చికి ఊతకర్ర పెట్టి పాత దుపట్టా పీలికతో కట్టాలి, ప్లాస్టిక్ తాడైతే కాండాన్ని కోసేస్తుంది. మునగ కొమ్మ పెళుసు కాబట్టి పైకొమ్మలు ముందే నరికేస్తే చెట్టు నిలుస్తుంది.

ఎండ గురించి కొంచెమే చెప్పుకోవాలి, ఎందుకంటే బెజవాడవాళ్లకి రోహిణి కార్తె గురించి ఒకరు చెప్పక్కర్లేదు. ఒక్క మాట మాత్రం చాలామందికి తెలియదు. ఏప్రిల్, మే నెలల్లో టమాటా పూత పూసి రాలిపోతే అది తెగులు కాదు. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే టమాటా పూత కాయగా నిలవదు. దానికి మందులు కొట్టడం డబ్బు దండగ. 50 శాతం నీడనిచ్చే నెట్ కట్టి, మట్టి మీద ఎండుగడ్డో కొబ్బరి పీచో పరిచి, మొక్కని బతికించుకుని జూన్ దాకా ఆగడమే. ఆ నెలల్లో బెండ, గోరుచిక్కుడు, గోంగూర, తోటకూర హాయిగా వస్తాయి. నీళ్లు ఫజ్ర్ తర్వాత ఒకసారి, అస్ర్ దాటి ఎండ వాలాక ఒకసారి. మిట్టమధ్యాహ్నం పైపులోంచి వచ్చే మొదటి నీళ్లు వేర్లని ఉడికించేంత వేడిగా ఉంటాయి.

నీళ్ల కరువు రోజుల్లో వజూ నీళ్లు వృథా పోనివ్వకండి. ఒక్కో వజూకి రెండు లీటర్లు అనుకున్నా, ముగ్గురు మనుషులు రోజుకి మూడు పూటలు ఇంట్లో చేసుకుంటే 18 లీటర్లు. సబ్బు కలవని నీళ్లు కాబట్టి ఏడెనిమిది పెద్ద కుండీలకి సరిపోతాయి. టబ్బులో పట్టి మొదట్లో పోయాలి, ఆకుకూరల ఆకుల మీద మాత్రం పోయొద్దు. ఇదే అలవాటు వానాకాలంలో ఆపేయాలి. చాలా ఇళ్లలో గొట్టం తిన్నగా కుండీలోకే పెట్టేసి ఉంటుంది, ముసురులోనూ అది అలా పోతూనే ఉంటుంది.

కుండీ కింద పళ్లేల గురించి కూడా చెప్పాలి. డెంగీ దోమ మంచి నీళ్లలోనే గుడ్లు పెడుతుంది, వారం పది రోజుల్లో గుడ్డు దోమ అవుతుంది. వానాకాలంలో ఆ పళ్లేలు తీసేయడం ఉత్తమం. తీయలేకపోతే వారానికోసారి బోర్లించాలి. అధికారులు శుక్రవారాన్ని డ్రై డే అంటున్నారు. జుమా గుస్ల్‌కి ముందు డాబా ఎక్కి ఆ పని కానిచ్చేస్తే మర్చిపోయే ప్రసక్తి ఉండదు.

అంతా పోయాక మళ్లీ మొదలుపెట్టాల్సిన ఇళ్లు ఏం వేయాలి? త్వరగా చేతికొచ్చేవి ముందు వేయాలి. మెంతికూర 20-25 రోజులు, తోటకూర 25-30, పాలకూర నెల, కొత్తిమీర 40 రోజులు. కొత్త నారు పోసేవాళ్లు పైన కవరు కప్పి వాన నేరుగా పడకుండా చూడాలి, లేకపోతే నారుకుళ్లు వచ్చి మొలకలు మొదట్లో విరిగి పడిపోతాయి. వానకి చెడని పుదీనా కాడలు నాలుగు దొరికితే చాలు, కొత్తగా కొనక్కర్లేదు.

ఈ ఏళ్లలో రంజాన్ చలికాలం చివరికి వచ్చింది, ఏటా పది పదకొండు రోజులు ముందుకి జరుగుతోంది. ఉపవాసాలకి కావాల్సిన పుదీనా, కొత్తిమీర, పచ్చిమిర్చి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్లు పోయే కాలంలోనే ఎదగాలి. మిర్చి నారు నాటాక కాయ కోయడానికి రెండు నెలలు పైనే పడుతుంది, అంటే అది నవంబరులో డాబా మీద ఉండాలి, అదీ వానకి జరపగలిగే కుండీలో. కొత్తిమీరకి తొందర లేదు. ధనియాలు రెండుగా నలిపి, రంజాన్ నెల పొడుపుకి నెలా పది రోజుల ముందు ఒక కుండీ, ఆ తర్వాత పది రోజులకొక కుండీ చొప్పున మూడుసార్లు వేసుకుంటే ఈద్ దాకా కట్ట కొనకుండా గడిచిపోద్ది.